చిత్రకథలో ఎంపికకు తగిన చోటు

పటం కథ చెప్పేవాడు పటానికి అడ్డుగా నిలువడు. పక్కన నిలిచి, చేతికర్రతో బొమ్మను చూపుతూ కథ నడుపుతాడు. సిరిసిల్ల వంటి నేతపట్టణాలలో నివసించే పద్మశాలీల కులపురాణమైన మార్కండేయ పురాణాన్ని కూనపులివారు తరతరాలుగా ఈ విధంగానే చెప్పుతూ వచ్చినారు. అట్టి కథలకు కావలసిన పొడవాటి పటాలను నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసి ఇచ్చినారు. మాటకు బొమ్మ ఎంత అవసరమో, బొమ్మకు అడ్డురాకుండా ఉండడం కూడా మాటకు అంతే అవసరమని ఆ కథకుడు నిలిచిన చోటే తెలుపుతున్నది.

ఆ మాట, ఆ బొమ్మ నేడు కంప్యూటరు తెర మీదికి వచ్చినవి. జపానులో పుట్టి పెరిగి, ఇతర దేశాలకు వ్యాపించిన ఒక ప్రక్రియను మనం దృశ్యనవల అనుకొనవచ్చును. వెనుక ఒక ప్రదేశం బొమ్మ, దాని ముందు పాత్రల బొమ్మలు, తెర అడుగున సంభాషణ: ఇదే దాని సామాన్య రూపం. చదువరి మీట నొక్కుతున్న కొద్దీ కథ ముందుకు సాగుతుంది. ఒక మలుపు దగ్గర కథ ఆగి, ‘ఇప్పుడేమి చేయవలెను?’ అని చదువరినే అడిగి, రెండుమూడు మార్గాలను తెరపై చూపుతుంది. బేతాళుని ప్రశ్నకు సమాధానం చెప్పే పని విక్రమార్కునిది, మనం వినువారమే. దృశ్యనవలలోనైతే శవాన్ని భుజాన వేసికొన్నవాడు చదువరే. అతడు ఎన్నుకొన్నదానిని బట్టి తరువాతి కథ మారుతుంది.

ఈ ఎంపికల పట్టికను తెరమీద ఎక్కడ ఉంచవలెను? పైకి ఇది అలంకారానికి సంబంధించిన చిన్న విషయంగా తోచును. నిజానికి ఇది కథనానికి సంబంధించినది.

1983లో యూజీ హోరీ రచించగా ఎనిక్స్ సంస్థ వెలువరించిన ‘పోర్టోపియా’ అనే హత్యాపరిశోధన కథలో ఆడేవాడు తన ఆజ్ఞను టైపు చేయవలసి ఉండేది. 1985లో ఆ కథ ఫామికాం అనే ఇంటి ఆటయంత్రానికి వచ్చినది. దాని చేతిపరికరానికి నాలుగైదు మీటలే గాని అక్షరాలు లేవు. అందుచేత ఆజ్ఞలన్నిటిని పట్టికగా కూర్చి తెరపైననే, బొమ్మను కప్పకుండా, చూపవలసి వచ్చినది. 1992లో చున్‌సాఫ్ట్ సంస్థ వెలువరించిన ‘ఒతోగిరిసో’ వేరొక దారి పట్టినది. అందులో బొమ్మ మీద తెర నిండా వచనం పరచుకొని ఉంటుంది. ఎంపికలు కూడా ఆ వచనానికి కొనసాగింపుగా, పంక్తులవలె వస్తాయి. మొదటిదానిలో ఎంపిక పనిముట్ల పెట్టెవంటిది. రెండవదానిలో అది వాక్యంలో భాగం. చోటు మారగానే ఎంపిక స్వభావమే మారిపోయినది.

ఇటువంటి కథలను స్వయంగా కూర్చగోరేవారికి రెన్‌పై అనే ఉచిత సాధనం ఉన్నది. టామ్ రోథమెల్ దీనిని 2004లో వెలువరించినాడు. ఇందులో కొత్త కథ మొదలుపెట్టగానే ఎంపికల పట్టిక ఒక నియతస్థానంలో సిద్ధమై ఉంటుంది. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల తెరమీద ఆ పట్టిక అడ్డంగా నడిమధ్యనూ, నిలువుగా పైనుండి 405వ చుక్క కేంద్రంగానూ నిలుస్తుంది. ఒక్కొక్క ఎంపిక వెడల్పు 1185 చుక్కలు. ఈ 405 అనే అంకె ఊరక వచ్చినది కాదు. సంభాషణ పలక తెర అడుగున 278 చుక్కలు ఆక్రమించగా పైన మిగిలేవి 802. అందులో సగం ఇంచుమించు ఇదే. మిగిలిన చోటుకు నడుమ ఉంచుటలో తర్కం ఉన్నది. కాని ఆ నడుమ ఏ బొమ్మ ఉన్నదో ఆ లెక్కకు తెలియదు.

కొండగట్టు ప్రయాణాన్ని జగిత్యాల విద్యార్థి ఒకడు దృశ్యనవలగా కూర్చుతున్నాడని ఊహింతము. మనుమడు తన బాపమ్మతో అంజన్న దర్శనానికి వచ్చినాడు. ఇద్దరూ కొండ అడుగున నిలిచినారు. ఒక వంక మెట్లదారి, మరొక వంక బండ్లు పోయే ఘాట్ రోడ్డు. మెట్లెక్కి వస్తానని ఆమె మొక్కుకొన్నది. మోకాళ్లు సహకరించుట లేదు. మనుమడు అడిగితే ఆమె, ‘నాకేంది బిడ్డా, నీ ఇష్టం’ అంటుంది. మాటలో సమాధానం లేదు. ఉన్నదంతా ఆమె ముఖంలో ఉన్నది. సరిగా ఆ క్షణాన పట్టిక వచ్చి తెర నడుమ నిలిచి ఆమె ముఖాన్ని కప్పివేసినదనుకొనుడు. చదువరి దేనిని చూచి నిర్ణయించవలెనో అదే మరుగుపడినది. అతడు బాపమ్మను చూడకుండానే ఆమె తరఫున నిర్ణయం చేస్తాడు.

సవరణ కష్టమైనది కాదు. రెన్‌పైలో అడ్డపు స్థానాన్ని సున్న నుండి ఒకటి వరకు గల భిన్నంగా చెప్పవచ్చును. సున్న ఎడమ అంచు, ఒకటి కుడి అంచు, 0.5 నడిమధ్య. ఆ 0.5ను 0.05గా మార్చి, వెడల్పును 600 చుక్కలకు తగ్గించినచో పట్టిక ఎడమవైపు ఆకాశం మీదికి పోతుంది. బాపమ్మ ముఖం తేటపడుతుంది. ఒక ఎంపికను మెట్లదారి మీదను, రెండవదానిని రోడ్డు మీదను విడివిడిగా ఉంచవలెనన్న కోరిక కలిగితే, ఆ ఒక్క ఘట్టానికి మాత్రమే వేరొక పట్టికను నిర్మించుటకు కూడా వీలున్నది. కాని ప్రతి ఘట్టంలోను చోటు మార్చుట మంచిది కాదు. చదువరి కన్ను అలవాటుపడిన చోటనే ప్రశ్నను వెదుకుతుంది. అలవాటును భంగపరచుటకు కథలో తగిన కారణం ఉండవలెను.

తెలుగులో వ్రాసేవారు గమనింపవలసినది మరొకటి ఉన్నది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. వ్యతిరేకార్థం కూడా ఆ క్రియలోనే ఇమిడి ఉంటుంది. ‘బాపమ్మతో మెట్లదారిన ఎక్కుతాను’, ‘బాపమ్మతో మెట్లదారిన ఎక్కను’ అన్న రెండు ఎంపికలకు భేదమంతా చివరి మాటలో ఉన్నది. పలక ఇరుకై ఆ చివరి మాట రెండవ పంక్తికి జారితే, తొందరలో చదివేవానికి రెండూ ఒక్కటిగానే తోచును. కనుక పక్కకు జరిపి వెడల్పు తగ్గించినప్పుడు వాక్యాన్ని కూడా తగ్గించవలెను. ‘మెట్లెక్కుదాం’, ‘బండిలో పోదాం’ అంటే చాలును. వత్తులు క్రిందికి, గుడులు పైకి పోయే లిపి మనది గనుక పంక్తుల నడుమ ఎడం కూడా ఇంగ్లీషుకు చాలినంత చాలదు.

చూపు లేనివారికొరకు తెరమీది మాటలను పైకి చదివి వినిపించే ఏర్పాటు కూడా ఈ సాధనంలో ఉన్నది. అట్టివారికి అందేవి ఎంపికల వరుస, వాటి మాటలు మాత్రమే, కుడియెడమలు అందవు. అందుచేత చోటు చెప్పే అర్థాన్ని మాట కూడా చెప్పగలిగి ఉండవలెను. రోడ్డు బొమ్మ మీద ‘ఇటు’ అని వ్రాసి ఊరుకొనుట వారిపట్ల అన్యాయం.

పాఠశాలలలో ఇటువంటి కథలను కూర్పింపదలచిన ఉపాధ్యాయులు ముందు యంత్రం జోలికి పోకుండా ఒక కాగితంమీద తెరను గీయించవచ్చును. ఈ ఘట్టంలో చదువరి దేనిని చూచి నిర్ణయిస్తాడో దాని చుట్టూ విద్యార్థిచేత గీత గీయించవలెను. ఆ గీత లోపలికి పట్టిక రారాదు. ఈ పాటి అభ్యాసంతోనే, ఎదుటివానిని ప్రశ్నించే ముందు అతడు చూడవలసినదంతా చూడనీయవలెనన్న మర్యాద విద్యార్థికి పట్టుబడును. ఆ మర్యాద తెరకు మాత్రమే పరిమితమైనది కాదు.