కొవ్వు మాత్ర మొదలెట్టాక మళ్లీ రక్తపరీక్ష ఎప్పుడు?

పైపాటుగా యూరియా చల్లిన మర్నాడే పైరు పచ్చబడలేదని ఏ రైతూ దిగులుపడడు. అలాగని నెలల తరబడి ఆ మడివైపు చూడకుండానూ ఉండడు. రక్తంలో కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్రలదీ అదే లెక్క. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ పేర్లతో డాక్టర్లు రాసేవి ఇవే. మాత్ర మొదలెట్టిన 4 వారాల నుంచి 12 వారాల లోపు ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవాలి. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు 4 నుంచి 6 వారాల్లోనే చేయించుకోవడం మంచిది.

ఉదాహరణకు, జూన్ 10న మాత్ర మొదలైందనుకుందాం. జూలై 8 నుంచి సెప్టెంబరు 2 లోపు ఎప్పుడైనా పరీక్షకు వెళ్లవచ్చు. నాట్ల హడావుడి తగ్గాక ఆగస్టులో వెళ్లినా సరిపోతుంది. గుండెపోటు వచ్చినవారు మాత్రం నాట్లు ఉన్నా సరే, జూలైలోనే ఒక పూట వీలు చేసుకోవాలి.

అన్నాళ్లు ఎందుకు ఆగాలి?

కొలెస్టరాల్‌ను ఎక్కువగా తయారుచేసేది మన కాలేయమే. స్టాటిన్ ఆ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం తనకు కావలసిన కొవ్వును రక్తంలోంచి లాక్కుంటుంది. దాంతో చెడు కొవ్వు, అంటే ఎల్.డి.ఎల్. పడిపోతుంది. రెండు వారాల్లోనే చాలావరకు తగ్గినా, అంకె నిలకడగా ఉండటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతకుముందే పరీక్ష చేయిస్తే డబ్బు దండగ.

ఈ మందుకు మూలం బూజు. జపాన్‌లో రైతు కుటుంబంలో పుట్టిన అకిరా ఎండో అనే శాస్త్రవేత్త, బియ్యం మీద దొరికిన ఒక బూజు నుంచి 1973లో మొదటి స్టాటిన్‌ను కనుగొన్నారు. 1987లో అమెరికాలో తొలి స్టాటిన్ మందుకు అనుమతి వచ్చింది.

ఎంత తగ్గాలి?

అటోర్వాస్టాటిన్ 10 లేదా 20 మిల్లీగ్రాముల మాత్రతో ఎల్.డి.ఎల్. సాధారణంగా 30 నుంచి 49 శాతం తగ్గుతుంది. 160 ఉన్నది సుమారు 80 - 112 మధ్యకు రావాలన్నమాట. 40 లేదా 80 మిల్లీగ్రాముల మాత్రతో సగం, అంతకు మించి తగ్గుతుంది. అందుకే మాత్ర మొదలెట్టక ముందు చేసిన పరీక్ష కాగితం పారేయకండి. అది లేకపోతే ఎంత తగ్గిందో తేల్చడం కష్టం.

లేబొరేటరీ కాగితం మీద అచ్చువేసిన 'నార్మల్' అంకె అందరికీ ఒకటి కాదు. గుండెజబ్బు ఉన్నవారికి 70 లోపు, చాలామందికి 55 లోపు ఉండాలని డాక్టర్లు చూస్తారు. మీకు ఎంత ఉండాలో అడిగి, కాగితం మీదే రాయించుకోండి.

తగ్గకపోతే మందు మంచిది కాదని అనుకోవద్దు. రోజూ వేసుకున్నారా అన్నది మొదటి ప్రశ్న. థైరాయిడ్ లోపం ఉన్నా కొవ్వు తగ్గదు. మోతాదు పెంచాలా, ఇంకో మాత్ర కలపాలా అన్నది డాక్టరే తేల్చాలి. మోతాదు మారిస్తే మళ్లీ 4 నుంచి 12 వారాలకు పరీక్ష. నిలకడకు వచ్చాక 3 నుంచి 12 నెలలకోసారి, డాక్టరు చెప్పిన ప్రకారం చేయించుకుంటే చాలు.

"నార్మల్ వచ్చింది, ఇక మానేద్దాం"

అసలు ముప్పు ఇక్కడే. అంకె తగ్గింది మాత్ర వల్ల. మానేస్తే కొద్ది వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. కొవ్వు పెరిగితే నొప్పి ఉండదు, జ్వరం రాదు. ఒంటికి తెలియకుండానే రక్తనాళాలు పూడుకుపోతాయి. సీసా ఖర్చయిపోయిందని, పత్తి తీతల్లో తీరిక లేదని మాత్ర ఆపకండి. ఖర్చు భారమైతే జన ఔషధి కేంద్రాల్లో ఇవే మాత్రలు తక్కువ ధరకు దొరుకుతాయి.

పరీక్షకు వెళ్లేముందు

* మాత్ర ఆపి వెళ్లకూడదు. రోజూ వేసుకున్నట్టే వేసుకోవాలి.
* చాలామందికి పరగడుపు అవసరం లేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా ఉన్నవారు మాత్రం పరగడుపున ఇవ్వాలి. ముందే అడగండి.
* గట్టి జ్వరం వచ్చినప్పుడు చేయిస్తే అంకె సరిగా రాదు. కోలుకున్నాక వెళ్లండి.
* వీలైతే ప్రతిసారీ ఒకే లేబొరేటరీలో చేయించండి.

గడువు దాకా ఆగకూడనివి

నాట్లు వేసిన మర్నాడు ఒళ్లు నొప్పులు మామూలే. కానీ పనేమీ చేయకపోయినా రెండు తొడలూ, భుజాలూ నొప్పెట్టినా, నీరసంగా ఉండి లేవలేకపోయినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. గర్భం వచ్చిన ఆడవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు కూడా వెంటనే చెప్పాలి. వేరే జబ్బుకు ఎవరు మందు రాసినా, నాటు మందు ఇచ్చినా, ఈ మాత్ర వాడుతున్న సంగతి ముందు చెప్పండి.

మాత్ర మొదలెట్టిన తేదీ ఈ రోజే క్యాలెండరు మీద రాసిపెట్టండి. దాని పక్కనే పరీక్ష తేదీ కూడా గుర్తు పెట్టుకోండి.