వేడినీటితో చల్లార్చుట

కాగిన పాలగిన్నెను విసరుటకంటె నీళ్ళపళ్ళెములో నుంచిన త్వరగా చల్లారునని గృహిణు లెఱుగుదురు. మన జాబులను, ఛాయాచిత్రములను భద్రపఱచు డేటా సెంటర్లలో రేయింబవళ్ళు పనిచేసి వేడెక్కు సర్వర్లకును నిదియే న్యాయము. సమాన పరిమాణమున గాలికంటె నీరు మూడువేల రెట్లకుపైగా వేడిని గ్రహించును. కావున చిప్పులపై రాగిపలకల నమర్చి, వానిలో నీటిని పాఱింతురు. విద్యుత్తు ప్రసరింపని ద్రవములో యంత్రమునే ముంచుట వేఱొక పద్ధతి.

2010లో స్విట్జర్లాండునందలి జూరిచ్ నగరమున అక్వాసార్ అను యంత్రమును సుమారు 60 డిగ్రీల వేడినీటితోనే చల్లార్చిరి. చిప్పు లంతకంటె వేడిగా నుండుటచే నిది సాధ్యమయ్యెను. ఆ వేడిమితో విద్యాలయ భవనములను వెచ్చపఱచిరి.

గొట్టములలో తిరుగు నీరు తఱుగదు. ఆ వేడిని పోగొట్టుటకు బయట నీటి నావిరిచేసినచో మాత్రము బిందెలకు రావలసిన నీరు ఖర్చగును. 2025లో విశాఖపట్టణమునకు పెద్ద డేటా సెంటరు ప్రకటింపబడినది. అచ్చట ననుసరించునది యే పద్ధతియని స్త్రీలును అడుగవలయును.