ఖాతాలో పైసలు పోతే

జేబు దొంగ బస్సులో మన పక్కనే నిలబడతాడు. బ్యాంకు ఖాతా మీద పడే దొంగ కనపడడు. ఏ రాష్ట్రంలోనో కూర్చుని ఉంటాడు. మేడ్చల్‌లో ఉన్న మన పైసలు అతని చేతికి పోవడానికి ఒక్క నిమిషం చాలు.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఇప్పుడు బ్యాంకు ఖాతా లేని ఇల్లు అరుదు. ఫ్యాక్టరీ జీతం ఖాతాలోనే పడుతుంది. పింఛను, పొదుపు సంఘం అప్పు, భూమి అమ్మిన పైసలు, అన్నీ అక్కడికే వస్తాయి. పైసలు పెట్టెలో ఉన్నప్పుడు తాళం చూసుకునేవాళ్లం. ఇప్పుడు ఫోను చూసుకోవాలి.

ఖాతాలో నుంచి పైసలు పోతే బ్యాంకు మన ఫోనుకు మెసేజి పంపుతుంది. అది చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. భయపడనక్కర లేదు. ఎంత పోయింది, ఏ తేదీన పోయింది అన్నది అంకెల్లోనే ఉంటుంది. రెండు మాటలు గుర్తు పట్టడం నేర్చుకుంటే చాలు. ‘డెబిట్’ అంటే ఖాతాలో నుంచి పోయింది. ‘క్రెడిట్’ అంటే ఖాతాలో చేరింది. ఫోను నంబరు మారితే బ్యాంకుకు పోయి కొత్త నంబరు రాయించాలి. లేకపోతే మెసేజి పాత నంబరుకు పోతుంది. పైసలు పోయిన సంగతి పాసు బుక్కులో లెక్క ఎక్కించిన రోజు కాని తెలియదు.

మనం తీయని పైసలు పోయినట్టు కనపడిందా? మొదటి పని 1930 నంబరుకు ఫోను చేయడం. ఇది సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు. రాత్రి అయినా, పండుగ అయినా చేయవచ్చు.

అంత తొందర ఎందుకు? దొంగ పైసలను ఒకే ఖాతాలో ఉంచడు. మన ఖాతాలో నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో నాలుగు ఖాతాలకు పంపుతాడు. చివరికి ఎవరో నగదుగా తీసుకుంటారు. చెరువు తూము తెరిస్తే నీళ్లు కాలువలో ఉన్నంతసేపు అడ్డం వేయవచ్చు. పొలాల్లో ఇంకిపోయాక ఎవరు ఏం చేయగలరు? 1930కి చెప్పగానే ఆ కబురు బ్యాంకులకు పోతుంది. పైసలు ఇంకా ఏదైనా ఖాతాలో ఉంటే బ్యాంకు అక్కడే ఆపి పెడుతుంది.

చాలామంది ఇక్కడే ఆలస్యం చేస్తారు. సిగ్గు ఒకటి, భయం ఒకటి.

“ఇంట్ల చెప్తే తిడతరేమో అక్కా. రేపు చూద్దాం.”

“రేపటికి ఏముంటది చెల్లె? తిడితే తిట్టనియ్యి. ముందు ఫోను చెయ్యి.”

అక్క చెప్పిందే సరైన మాట. ఫోనులో అవతలివారు పేరు, బ్యాంకు పేరు, ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది అని అడుగుతారు. అవి చెప్పవచ్చు. ఓటీపీ, పిన్ను మాత్రం ఎవరికీ చెప్పకూడదు. ఫిర్యాదు నంబరు ఇస్తే కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

రెండో పని బ్యాంకుకు చెప్పడం. ఏటీఎం కార్డు వెనుక బ్యాంకు నంబరు ఉంటుంది. ఆ నంబరుకు ఫోను చేసి కార్డును, ఫోను ద్వారా జరిగే చెల్లింపులను ఆపమనాలి. ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన నంబరుకు చేయకూడదు. దొంగలు అక్కడ కూడా తమ నంబర్లు పెట్టి కూర్చుంటారు. తెల్లవారగానే బ్యాంకుకు పోయి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి.

బ్యాంకువారు “పోలీసుల దగ్గరకు పొండి” అనవచ్చు. పోలీసులు “బ్యాంకుకు పొండి” అనవచ్చు. రెండు చోట్లా అర్జీ ఇవ్వవలసిందే. ఒకచోట ఇచ్చామని రెండోది మానకూడదు. మేడ్చల్ మనిషి శామీర్‌పేట ఠాణాలో ఫిర్యాదు ఇచ్చినా తీసుకోవాలి. “మా హద్దు కాదు” అని తిప్పి పంపకూడదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో ఈ మాట రాసి ఉంది.

పోయిన పైసలు ఎవరి నెత్తిన పడతాయి? 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు దీని మీద బ్యాంకులకు ఆదేశం ఇచ్చింది. బ్యాంకు తప్పు ఉంటే ఖాతాదారు ఒక్క రూపాయి కూడా భరించనక్కర లేదని చెప్పింది. మన తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా దొంగ పని చేస్తే, మెసేజి వచ్చాక మూడు పని దినాల లోపల బ్యాంకుకు చెప్పాలి. అప్పుడు నష్టం మనది కాదు. నాలుగు నుంచి ఏడు పని దినాల లోపల చెబితే కొంత నష్టం మన మీద పడుతుంది. మామూలు పొదుపు ఖాతాకు అది 10,000 రూపాయలకు మించకూడదు. కనీస నిల్వ అవసరం లేని చిన్న ఖాతాకు 5,000 మించకూడదు. తప్పు ఖాతాదారుదే అంటే, రుజువు చేయవలసింది బ్యాంకే. ఇలాంటి నియమాలు మారుతుంటాయి. ఇప్పుడు ఏది నడుస్తున్నదో బ్యాంకులో అడగాలి.

మరి ఓటీపీ మనమే చెప్పి ఉంటే? అప్పుడు బ్యాంకుకు చెప్పేదాకా పోయినది మన నష్టమే అని ఆ ఆదేశం చెప్పింది. చెప్పిన తరువాత పోయేది బ్యాంకు నష్టం. అంటే మోసపోయినవారికే తొందర ఇంకా ఎక్కువ అవసరం. మోసపోయామని మూల కూర్చుంటే మిగిలినవి కూడా పోతాయి.

ఓటీపీ చెప్పకున్నా పైసలు పోయే దారి ఒకటి ఉంది. అది వేలిముద్ర. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలకు నకళ్లు తయారు చేశాడు. వాటితో వేలకొద్దీ సిమ్ కార్డులు చేయించాడు. తరువాత దొంగలు ఇలాంటి నకళ్లతోనే ఆధార్ మిషను మీద పైసలు తీశారు. మేడ్చల్, శామీర్‌పేటల్లో భూములు అమ్మినవారు, కొన్నవారు ఎందరో. కాగితాల మీద అందరి ముద్రలూ ఉన్నాయి. ఆధార్ కేంద్రంలో అడిగితే వేలిముద్రకు తాళం వేసే పద్ధతి చూపుతారు. 1947కు ఫోను చేసి కూడా అడగవచ్చు. పింఛను తీసుకునే రోజు తాళం తీసి, మళ్లీ వేసుకోవాలి.

పైసలు పోయినవారి దగ్గరకు రెండో దొంగ కూడా వస్తాడు. “మీ పైసలు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి” అంటాడు. ఫిర్యాదుకు ఫీజు లేదు. ఆపి ఉంచిన పైసలు చట్ట ప్రకారమే తిరిగి వస్తాయి. 2024లో తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా చాలామందికి అలా ఇప్పించారు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. అంబుడ్స్‌మన్ అంటే బ్యాంకుల మీద వచ్చే ఫిర్యాదులు వినే అధికారి. దీనికీ ఖర్చు లేదు. ఎలా రాయాలో 14448 నంబరులో చెబుతారు.

బ్యాంకుకు ఇచ్చే అర్జీ ఇలా రాయవచ్చు:

“మేనేజరు గారికి,
నా పేరు ........ నా ఖాతా నంబరు ........
...... తేదీన ...... గంటలకు నా ఖాతా నుంచి ...... రూపాయలు పోయాయి. అవి నేను తీయలేదు. ఎవరికీ పంపలేదు. 1930లో ఇచ్చిన ఫిర్యాదు నంబరు ........ నా కార్డు ఆపి, విచారణ చేసి, పైసలు నా ఖాతాలో తిరిగి జమ చేయమని కోరుతున్నాను.
సంతకం, తేదీ.”

ఓటీపీ చెప్పి ఉంటే ఆ మాట కూడా దాచకుండా రాయాలి. అర్జీ రెండు ప్రతులు రాయాలి. ఒకటి బ్యాంకులో ఇచ్చి, రెండోదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి.