కంచె లోపలి గడ్డి, కంచె బయటి గడ్డి

బిడ్డా, బాటనీ డిగ్రీ చేతికొచ్చింది, ఇక జీవాలు మేసే బయళ్ల మీద పరిశోధన చేస్తానంటున్నావు. "అందులో ఏముంది, గొర్లు మేస్తాయి, గడ్డి పెరుగుతుంది" అని ఇంట్లోవాళ్లు తీసిపారేశారని నీకు కోపం. కోపమెందుకు? వాళ్లన్న మాటల్లోనే నీకు జన్మంతా సరిపోయే ప్రశ్నలున్నాయి. కూర్చో, చెబుతాను.

ముందు మన నేల సంగతి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డలో, అంటే గద్వాల, అయిజ, అలంపురం వైపు, నల్లరేగడి కొంత, ఎర్రనేల కొంత. కృష్ణ దాటి వనపర్తి వైపు వస్తే చెల్కలు, గుండ్లు, గుట్టలు. ఇంకా తూర్పుకు నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటి ఘాటెక్కితే అమ్రాబాద్ పీఠభూమి, నల్లమల. గొల్ల కురుమలు ఈ నేలనంతా కాళ్లతో చదువుకున్నారు. వానాకాలంలో చేలన్నీ పైరుతో నిండితే మంద గుట్టలకో అడవికో పోవాలి. పల్లికాయ పీకాక, జొన్న కోశాక మళ్లీ చేలల్లోకి రావాలి. మంద పెట్టించుకున్న రైతు వాళ్లకు ఇంత గింజో డబ్బో ఇస్తాడు, చేనికి పెంటికలూ మూత్రమూ దక్కుతాయి. ఎరువు బస్తాలో ఉండే నత్రజనే అది, నడుచుకుంటూ వచ్చి పడుతుంది.

ఇక గడ్డి. చెట్టుకు కొన దగ్గర పెరుగుదల. మేక ఆ లేత కొన కొరికితే మొక్క గిడసబారుతుంది. గడ్డి పెరిగే చోటు మాత్రం అడుగున, నేలకు ఆనుకొని దాగి ఉంటుంది. ఆవు నాలుకతో చుట్టి పైపైన తెంపుకుపోతే, క్షవరం చేయించుకున్న తలమీద జుట్టు వచ్చినట్టు కింది నుంచి మళ్లీ ఆకు తోసుకొస్తుంది. కోట్ల ఏళ్లుగా మేసే జంతువులతో కలిసి బతికిన మొక్క కాబట్టి అలా తయారైంది. దీనికీ ఒక హద్దుంది. ఆకు ఎండలో వండిన తిండే వేరుకు పోవాలి. ఆకు వచ్చీ రాకముందే మళ్లీ మళ్లీ కొరికేస్తే వేరు దాచుకున్నది ఖర్చయి, ఏళ్లకేళ్లు బతికే మంచి గడ్డి దుబ్బు చచ్చిపోతుంది. ఆ ఖాళీలో ఒక్క వానకు మొలిచి ఎండిపోయే గడ్డి వస్తుంది, చీపురు గడ్డి వస్తుంది. అవి జీవాలకు పెద్దగా కడుపు నింపవు.

ఈ వరసను మన దేశమంతా తిరిగి రాసిపెట్టినవాళ్లున్నారు. దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1973లో భారతదేశపు గడ్డి నేలలను అయిదు రకాలుగా విభజించి పుస్తకం వేశారు. మన దక్కన్ అంతా అందులో 'సెహిమా–డైకాంథియం' రకం. మేత ఎక్కువైన కొద్దీ ఏ గడ్డి పోయి ఏ గడ్డి వస్తుందో అందులో ఉంది. నువ్వు మొదట చదవాల్సింది అదే. గుట్టమీద నాలుగు గడ్డి రకాలు గుర్తుపట్టగలిగితే, ఆ గుట్ట ఎన్నాళ్లుగా ఎంత మేతకు లోనైందో ఎవరినీ అడగకుండానే నీకు తెలుస్తుంది.

సరే, మరి మేత మానిపిస్తే అన్నీ బాగుపడతాయా? దీనికి జవాబు మన అలంపురం నుంచి తుంగభద్ర దాటితే కనబడుతుంది. నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు. అక్కడి గడ్డి బయళ్లలో బట్టమేక పిట్ట ఉండేది. మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది, ఎగిరే పక్షుల్లో మహా బరువైనవాటిలో ఒకటి. నేలమీదే గుడ్డు పెడుతుంది, అదీ ఏడాదికి మామూలుగా ఒక్కటే. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు, అసద్ రహమానీ బృందం, అక్కడ మకాం వేసి దాని బతుకంతా గమనించారు. 1988లో ఆరు చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ నేలను అభయారణ్యంగా ప్రకటించారు. కొన్ని ముక్కలకు కంచె వేసి పసులను రానివ్వలేదు.

తర్వాత జరిగింది నువ్వు జాగ్రత్తగా వినాలి. కంచె లోపల గడ్డి ఏపుగా పెరిగింది. కృష్ణజింకలకు అది పండగ. కొద్దిపాటి జింకలు పెరిగి పెరిగి వందలయ్యాయి, చుట్టుపక్కల చేలమీద పడ్డాయి. రైతులకు అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది. బట్టమేక పిట్ట చుట్టూ చూసుకుంటూ నడిచే పక్షి, దానికి పొట్టి గడ్డీ పొడుగు గడ్డీ పక్కపక్కన కావాలి. మిడతలు, పురుగులు, రేగుపళ్లు, పల్లికాయలు దాని తిండి కాబట్టి బయటి చేలూ కావాలి. ఆ చేలల్లో కూడా పంటలు మారాయి, నీళ్లొచ్చాయి, కరెంటు తీగలొచ్చాయి. పిట్టలు తగ్గుతూ తగ్గుతూ కనబడకుండా పోయాయి. ఇవాళ దేశం మొత్తం మీద బయట స్వేచ్ఛగా తిరిగేవి సుమారు నూటయాభై, వాటిలో చాలా మటుకు రాజస్థాన్‌లోనే.

కంచె ఒక్కటే ఆ పిట్టను పోగొట్టిందని నేననను. కారణాలు ముడిపడి ఉన్నాయి. అయితే పసులను ఆపితే చాలు ప్రకృతి చూసుకుంటుందనే మాట నిలవదని రోళ్లపాడు మనకు చూపించింది. రాజస్థాన్‌లో భరత్‌పూర్ సంగతీ అదే. 1982లో అక్కడి కేవలాదేవ్ పార్కులో గేదెల మేత ఆపారు. గొడవ జరిగి పోలీసు కాల్పుల్లో ఊరివాళ్లు చనిపోయారు. 1980 నుంచి 1990 దాకా అక్కడే ఉండి లెక్కలు తీసిన బాంబే సొసైటీ పరిశోధకులు, గేదెలు పోయాక ఒక రకం నీటిగడ్డి చెరువులను కమ్మేసిందనీ, నీటిపక్షులకు చోటు తగ్గిందనీ చెప్పారు. మేత ఆపాలని మొదట గట్టిగా కోరింది ఆ సంస్థవాళ్లే. పదేళ్లు కొలిచాక వచ్చిన ఫలితం తాము అనుకున్నదానికి ఎదురుగా ఉన్నా దాచుకోకుండా రాశారు. ఆ నిజాయితీ నాకు చాలా ఇష్టం, బిడ్డా.

వాన లెక్క కూడా మనసులో పెట్టుకో. మహేశ్ శంకరన్ అనే మన శాస్త్రజ్ఞుడు, తోటివాళ్లతో కలిసి ఆఫ్రికాలోని 854 చోట్ల లెక్కలు కూర్చి 2005లో 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఏడాదికి సుమారు 650 మిల్లీమీటర్ల కన్నా తక్కువ వాన పడే చోట చెట్లు ఎంత దట్టంగా పెరగాలో వానే తేలుస్తుంది, ఎవరూ మేపకపోయినా అక్కడ దట్టమైన అడవి రాదు. అంతకు మించి వాన పడే చోట నిప్పో మేతో లేకపోతే చెట్లు కమ్ముకొని గడ్డిని మింగేస్తాయి. గద్వాల, వనపర్తి వైపు వాన ఆ గీతకు కిందే ఉంటుంది. అది ఆఫ్రికా లెక్క, మన నేలకు అచ్చంగా అతుకుతుందో లేదో ఇక్కడే కొలిచి చూడాలి. అయినా ఒక మాట గట్టిగా చెప్పొచ్చు. నడిగడ్డ బయలును చూసి "అయ్యో, అడవి నరికేశారు, చెట్లు నాటాలి" అని ఉరకడం తప్పు. అది గడ్డి నేలగానే పుట్టి ఉండొచ్చు. సర్కారు కాగితాల్లో ఇలాంటివి ఎక్కువగా బంజరు కిందే ఉంటాయి. మధుసూదన్, అబి వనక్ అనే ఇద్దరు 2022లో ఉపగ్రహ చిత్రాలతో దేశంలో తక్కువ వాన పడే చోట్ల ఉన్న బయలు నేలలకు పటం గీశారు. దేశంలో దాదాపు పదో వంతు ఉన్నాయట, వాటిలో నూటికి అయిదు వంతులకు కూడా రక్షణ లేదు.

ఇప్పుడు నల్లమలకు వద్దాం. నీ పని అక్కడే మొదలవ్వాలని నా కోరిక. అమ్రాబాద్, పదర, అచ్చంపేట, లింగాల మండలాల్లో పొడతూర్పు ఆవులున్నాయి కదా. తెల్లటి ఒంటిమీద గోధుమ రంగు పొడలు, గట్టి గిట్టలు, రాళ్ల గుట్టల్లో ఎంత దూరమైనా నడిచే ఓపిక. గొల్లలు, లంబాడీలు, చెంచులు వాటిని పెద్ద పెద్ద మందలుగా మేపుతారు. ఎండాకాలం నీళ్లకోసం కృష్ణ వైపు దిగుతారు. కోడెలను కురుమూర్తి జాతరలాంటి చోట్ల అమ్ముకుంటారు. 2020లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. ఆ గుర్తింపు ఊరికే రాలేదు. వాసన్ అనే సంస్థవాళ్లు మందల వెంట తిరిగి, కాపరులను అడిగి, ఆవుల కొలతలు తీసి రాసుకున్న ఫలం అది.

చిక్కు కూడా అక్కడే ఉంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు నల్లమల 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. పులికి దుప్పులు, కణుజులు కావాలి, వాటికి గడ్డి కావాలి, ఆవులకూ అదే గడ్డి కావాలి. మందల నుంచి అడవి జంతువులకు గాలికుంటులాంటి రోగాలు సోకే భయమూ ఉంది. ఇంకోవైపు 2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును, వలస వచ్చే కాపరుల హక్కుతో సహా, గుర్తించింది. ఇరువైపులా గట్టిగా మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఫలానా లోయలో ఫలానా నెలలో ఆవు ఎంత తింటున్నది, దుప్పికి ఎంత మిగులుతున్నది అని కొలిచి చెప్పేవాళ్లు చాలా తక్కువ. నువ్వు ఆ పని చెయ్యాలని నా ఆశ.

ఎలా కొలుస్తావు? మంద తిరిగే చోట ఒకే రకం నేల, ఒకే రకం వాలు ఉన్న జాగాలు జతలు జతలుగా ఎంచుకో. ప్రతి జతలో ఒకదానికి కంచె, ఒకటి వదిలెయ్యి. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఇనుప చట్రం చేయించుకో. దాన్ని నేలమీద పెట్టి లోపల ఏ గడ్డి ఎంత ఉందో రాసుకో, కోసి ఆరబెట్టి తూకం వెయ్యి. కంచె ఒక్కదాన్నే నమ్ముకోకు. లోపలి గడ్డి మేత లేకుండా పెరిగింది, బయటి గడ్డి మేస్తూ ఉండగా పెరిగింది, రెండిటి పెరుగుదల ఒకటి కాదు. అందుకే ఆఫ్రికాలోని సెరెంగెటీలో మెక్‌నాటన్ అనే ఆయన చిన్న బోనులు చేయించి, వాటిని జరుపుతూ కొలిచాడు. మితంగా మేసిన చోట గడ్డి మేయని చోటికన్నా ఎక్కువ ఆకు పెట్టిందని 1979లో రాశాడు. ఆ మాట మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. అది మన నల్లమల గడ్డికి పనికొస్తుందో లేదో నువ్వు చూడొచ్చు.

ఖరీదైన పరికరాలు లేవని దిగులు పడకు. కడప జిల్లా లంకమలలో కలివి కోడి ఉంది. ఎనభై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడక, అంతరించిందనుకున్నాక 1986లో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే పిట్ట కాబట్టి కనబడదు. జగన్నాథన్ అనే పరిశోధకుడు, తోటివాళ్లూ ఏం చేశారో తెలుసా? పొదల నడుమ నేలను బారుగా చదును చేసి, మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే వెళ్లి అడుగుల ముద్రలు వెతికారు. ముద్రలు ఎక్కడ ఎక్కువగా ఉన్నాయో, అక్కడ పొదలు ఎంత ఒత్తుగా ఉన్నాయో లెక్కేశారు. హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందల పెద్ద పొదలున్న చోటు దానికి ఇష్టమని తేలింది. మరీ పలచబడినా వద్దు, మరీ కమ్ముకున్నా వద్దు. మేత, కట్టెలు కొట్టడం పూర్తిగా ఆగితే పొదలు దగ్గరపడతాయి, హద్దు మీరితే పలచబడతాయి. ఆ నడిమి కొలతను వాళ్లకు చెప్పింది మెత్తటి మట్టే.

ఇంకో మాట. కాపరిని కూలికి దారి చూపే మనిషిగా తీసుకుపోకు. నల్లమలలో మంద కాసే పెద్దమనిషికి ఏ చెలమలో ఏ నెల దాకా నీళ్లుంటాయో, ఏ గడ్డి ముదిరితే ఆవు మూతి పెట్టదో, పోయిన కరువులో ఏ చెట్టు మండలు కొట్టి వేశారో తెలుసు. గింజ ముళ్లు గొర్రె బొచ్చులో దిగి చర్మంలో గుచ్చుకునే గడ్డిని పూతకు రాకముందే మేపాలని కురుమలకు ఎవరూ క్లాసులో చెప్పలేదు. వాళ్ల మాటను నోటుబుక్కులో రాసుకొని, నీ తూకంతో సరిచూడు. కలవకపోతే మళ్లీ వెళ్లి కూర్చొని అడుగు. రాసినదాంట్లో వాళ్ల పేరు కూడా ఉండాలి, వాళ్లు ఒప్పుకుంటే.

ఒక్క ఏడాది లెక్కతో పేపరు రాయాలని తొందరపడకు. మన వానలు ఒక ఏడు ముంచుతాయి, ఇంకో ఏడు ఎగ్గొడతాయి. కంచె లోపలా బయటా ఉన్న తేడా కన్నా ఈ ఏటికీ పోయినేటికీ ఉన్న తేడానే పెద్దగా కనబడొచ్చు. అయిదేళ్లకు తక్కువ కాకుండా చూడు. ముందు అటవీశాఖ అనుమతికి అర్జీ పెట్టు, దానికి నెలలు పడుతుంది. ఆలోపు ఊళ్లోని బంచరాయి భూమిలో పని నేర్చుకో. మృగశిర కార్తెకు ముందే జాగాలకు గుర్తులు పెట్టుకోవాలి. మొదటి వాన పడ్డాక ఏది ముందు మొలిచిందో చూడ్డానికి మళ్లీ ఏడాది దాకా అవకాశం రాదు.