దృశ్య సంకేతాలు – సంధాన రీతులు

మన దేశంలో రంగుల దూరదర్శన్ ప్రసారాలు 1982లో ప్రారంభమయ్యాయి. అనంతర కాలంలో వీడియో క్యాసెట్లు పల్లెలకు సైతం చేరాయి. నెల్లూరు సముద్రతీరంలో మైపాడు, కృష్ణపట్నం వంటి ఊళ్ళలోనూ పెండ్లి వేడుకలను క్యాసెట్లలో భద్రపరచుకోవడం పరిపాటి అయింది. కన్నుమూసిన పెద్దల నడక, మాట, నవ్వు కొన్ని ఇళ్ళలో నేడు ఆ టేపులలోనే మిగిలి ఉన్నాయి. తీరప్రాంతపు తేమకు టేపు బూజు పడుతుంది. దాని అయస్కాంతపు పూత కాలక్రమాన క్షీణిస్తుంది. వి.సి.ఆర్‌.ల తయారీలో చివరిదాకా నిలిచిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తిని ఆపివేసింది. కనుక ఆ దృశ్యాలను కంప్యూటరులోకి మార్చదలచినవారు యంత్రాలను కలిపే పద్ధతిని ముందుగా గ్రహించాలి.

రంగుల చిత్రంలో రెండు అంశాలుంటాయి. వెలుగునీడలను తెలిపేది కాంతి సంకేతం. రంగులను తెలిపేది వర్ణ సంకేతం. అనలాగ్ పద్ధతిలో ఇవి విద్యుత్తు హెచ్చుతగ్గుల రూపంలో ప్రవహిస్తాయి. మన దేశం స్వీకరించిన ‘పాల్’ విధానంలో ఒక్కొక్క చిత్రానికి 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. నలుపు తెలుపు టెలివిజన్లు కూడా అదే ప్రసారాన్ని అందుకోవాలన్న ఉద్దేశంతో శాస్త్రజ్ఞులు వర్ణ సంకేతాన్ని కాంతి సంకేతంలోనే మేళవించారు. చిక్కు ఇక్కడే మొదలైంది.

సంకేతాన్ని చేరవేసే మార్గాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది యాంటెన్నా కేబుల్. ఇందులో చిత్రమూ ధ్వనీ ఒకే కేబుల్ వెంట వస్తాయి. టెలివిజన్‌లో తగిన ఛానెల్‌ను ఎంచుకోవాలి. నాలుగింటిలో నాణ్యత తక్కువైన మార్గమిదే.

రెండవది కాంపోజిట్. పసుపుపచ్చ పిన్ను చిత్రానికి, తెలుపు, ఎరుపు పిన్నులు ధ్వనికి. ఇందులోనూ కాంతి, వర్ణాలు పాలూ నీళ్ళవలె కలిసే ఉంటాయి. వాటిని వేరుచేసే భారం టెలివిజన్‌దే. అది హంస కాదు గనుక విభజన సంపూర్ణం కాదు. డి.వి.డి. ప్లేయరును ఇలా కలిపినప్పుడు చీరలోని సన్నని చారలపై లేని రంగులు మెరవడానికి, అంచుల వెంట చుక్కలు పాకడానికి కారణమిదే.

మూడవది ఎస్-వీడియో. కాంతి, వర్ణాలు వేర్వేరు తీగలలో ప్రయాణిస్తాయి.

నాలుగవది కాంపోనెంట్. ఆకుపచ్చ పిన్ను కాంతిని, నీలం, ఎరుపు పిన్నులు రెండు వర్ణభేద సంకేతాలను మోస్తాయి. అందువల్ల ఇది అన్నింటికన్న మేలైనది. అయితే ధ్వనికి సంబంధించిన ఎర్ర పిన్నుతో దీని ఎర్ర పిన్నును పొరపడరాదు. కాంపోజిట్ వారి పసుపు పిన్నును కాంపోనెంట్ వారి ఆకుపచ్చ సాకెట్‌లో ఉంచితే చిత్రం నలుపు తెలుపులలోనే కనిపించవచ్చు. ఆ సాకెట్ కాంతిని మాత్రమే స్వీకరించడం దీనికి హేతువు.

వి.హెచ్.ఎస్. టేపుపై కాంతి, వర్ణాలు వేర్వేరు పౌనఃపున్యాలలో నమోదవుతాయి. కాబట్టి వి.సి.ఆర్‌.కు ఎస్-వీడియో సదుపాయం ఉంటే, కంప్యూటరుకు కలిపే పరికరానికి కూడా అది ఉంటే, ఆ మార్గాన్నే ఎన్నుకోవాలి. లేనిచో కాంపోజిట్ శరణ్యం. దారిలో ఒకచోట కలిసిపోయిన సంకేతం ఆపై ఎంత ఖరీదైన కేబుల్ వాడినా పూర్వరూపం పొందదు. అందుచేత శ్రద్ధ మొదటి ముడి దగ్గరే వహించాలి.

ఉప్పుగాలికి పిన్నులు చిలుము పట్టి చిత్రం అదురుతుంది, రంగు మాయమవుతుంది. విద్యుత్తు ఆపి, పొడిబట్టతో వాటిని తుడిచి, బిగువుగా అమర్చాలి. బూజుపట్టిన టేపును మాత్రం శుభ్రపరచనిదే యంత్రంలో పెట్టరాదు. ఆ బూజు యంత్రపు హెడ్‌కు అంటుకొని తరువాత పెట్టే టేపులను కూడా పాడుచేస్తుంది. టేపు చెడక ముందు, యంత్రం దొరుకుతున్నప్పుడే ఈ పని పూర్తిచేసుకోవడం వివేకం.