మాట్లాడుతుంది.. మోగదు!

కార్యాలయాల ఫోన్లలో బయటకు కనిపించని లోపం
ఎక్కడుందో తెలుసుకునే మార్గాలివీ

అర్ధరాత్రి ఈదురుగాలికి విద్యుత్తు తీగ తెగి వీధిలో పడుతుంది. స్థానికులు ఫ్యూజ్ ఆఫ్ కాల్ కార్యాలయానికి ఫోన్ చేస్తారు. అవతల గంట మోగుతున్నట్లే వినిపిస్తుంది, ఎవరూ ఎత్తరు. పదిసార్లు ప్రయత్నించి, సిబ్బంది నిద్రపోతున్నారని తిట్టుకుంటారు. కార్యాలయంలో సిబ్బంది మెలకువగానే ఉంటారు. బల్లపై ఫోన్ మాత్రం మోగదు.

ఫోన్ పూర్తిగా మూగబోతే ఆ రోజే ఎవరో ఒకరు గుర్తిస్తారు. మోగని ఫోన్ సంగతి అలా కాదు. రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వస్తుంది, బయటకు నిక్షేపంగా మాట్లాడవచ్చు. అందువల్ల లోపం ఉన్నట్లే తెలియదు. తహసీల్దారు కార్యాలయాలు, ఆరోగ్య కేంద్రాలు, బస్సు డిపోలు, వరదల వేళ తెరిచే కంట్రోల్ రూంలు.. ఎక్కడ ఈ పరిస్థితి వచ్చినా నష్టపోయేది అవతలి వైపున్న ప్రజలే. నింద పడేది ఏ తప్పూ చేయని సిబ్బందిపై.

వినిపించే గంట వేరు

ఫోన్ చేసిన వ్యక్తి చెవికి వినిపించే గంట, కార్యాలయంలో మోగే గంట ఒకటి కావు. మొదటిది ‘కాల్ వెళ్తోంది’ అని తెలిపేందుకు టెలిఫోన్ వ్యవస్థ వినిపించే సంకేతం మాత్రమే. అవతల ఫోన్ నిజంగా మోగుతోందో లేదో అది చెప్పదు. తీగకు ఫోనే తగిలించి లేకున్నా సాధారణంగా ఆ గంట వినిపిస్తూనే ఉంటుంది.

డయల్ టోన్ ఉంటే చాలదు

రాగి తీగపై పనిచేసే ఫోన్‌కు ఎక్స్‌ఛేంజి నుంచి సుమారు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు అందుతుంది. డయల్ టోన్‌కు, సంభాషణకు అదే ఆధారం. గంట మోగడానికి మాత్రం ఎక్స్‌ఛేంజి వేరే విద్యుత్తును పంపుతుంది. అది సుమారు 75 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. సెకనుకు దాదాపు 25 ఆవృత్తాలు ఉంటుంది. మన దేశంలో రెండు పొట్టి మోతలు, ఆపై రెండు సెకన్ల విరామం చొప్పున గంట వినిపించడం ఈ సంకేతం వల్లనే.

ఫోన్ లోపల గంట భాగానికి ముందు ఒక కెపాసిటర్ ఉంటుంది. ఏకముఖ విద్యుత్తును అడ్డుకుని, గంట మోగించే విద్యుత్తును మాత్రమే లోపలికి వదలడం దాని పని. అది పాడైనా, పిడుగుల ధాటికి గంట భాగం దెబ్బతిన్నా మాటలకు ఆటంకం ఉండకపోవచ్చు. మాట దారి వేరు, గంట దారి వేరు.

తొలి పరీక్ష సెల్‌ఫోన్‌తో

ఖర్చు లేని పరీక్ష ఇది. సెల్‌ఫోన్ నుంచి కార్యాలయ నంబరుకు ఫోన్ చేసి ఏం జరుగుతుందో గమనించాలి.

* ఎప్పుడు చేసినా ‘బిజీ’ వస్తుంటే పక్క గదిలోని సమాంతర ఫోన్ రిసీవర్ సరిగా పెట్టి ఉండకపోవచ్చు.

* గంట వినిపిస్తున్నా ఫోన్ మోగకపోతే, ఆ సమయంలోనే రిసీవర్ ఎత్తి చూడాలి. సెల్‌ఫోన్‌తో మాట కలిస్తే కాల్ అక్కడి వరకు వస్తున్నట్లే. లోపం గంటకే పరిమితం.

* నేరుగా వచ్చే లైనుపై రిసీవర్ ఎత్తితే డయల్ టోనే వినిపిస్తే కాల్ ఆ తీగపైకి రావడం లేదని అర్థం. ఎవరైనా కాల్ ఫార్వార్డింగ్ పెట్టి మరిచారేమో చూడాలి. మరమ్మతుల్లో తీగలు తారుమారైనా ఇలాగే జరుగుతుంది. ఆ ఫోన్ నుంచి సెల్‌ఫోన్‌కు కాల్ చేస్తే తెరపై కనిపించే నంబరు కార్యాలయానిదో కాదో తేలిపోతుంది.

* ఒక్కసారి మోగి ఆగిపోతుంటే తీగలో తేమ చేరి ఉండవచ్చు. తడిసిన అతుకుల గుండా విద్యుత్తు లీకై, రిసీవర్ ఎత్తినట్లు ఎక్స్‌ఛేంజి పొరబడి గంటను ఆపేస్తుంది. వానాకాలంలో ఈ సమస్య ఎక్కువ.

పరికరంలోనా? తీగలోనా?

ఫోన్ అడుగున లేదా పక్కన గంట శబ్దాన్ని పెంచే, తగ్గించే, ఆపే మీట ఉంటుంది. బల్ల తుడిచేటప్పుడు అది జరగడం, సమావేశం కోసం ఆపి మళ్లీ పెట్టకపోవడం మామూలే. కొన్ని ఫోన్లలో ఇది మీటల ద్వారా మార్చే అమరిక. ‘డిస్టర్బ్ చేయవద్దు’ అనే సౌకర్యం వాడుకలో ఉందేమో కూడా చూడాలి.

ఇవన్నీ సరిగా ఉంటే, బాగా మోగుతున్న మరో ఫోన్ తెచ్చి రోసెట్ వద్ద నేరుగా తగిలించాలి. అది మోగితే పాత పరికరానిదే లోపం. అదీ మోగకపోతే తీగను అనుమానించాలి.

ఒకే లైనుపై రెండు మూడు గదుల్లో ఫోన్లు, ఫ్యాక్స్ యంత్రం తగిలించడం పాత కార్యాలయాల్లో పరిపాటి. గంట మోగించే శక్తికి పరిమితి ఉంది. పరికరాలు పెరిగేకొద్దీ ఒక్కోదాని వాటా తగ్గి, గంట బలహీనపడి చివరకు ఏదీ మోగదు. అన్నిటినీ విడదీసి ఒక్కొక్కటే తగిలిస్తూ పోతే ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది.

ఈపీఏబీఎక్స్ ఉన్నచోట

పెద్ద కార్యాలయాల్లో బయటి లైన్లు ముందుగా ఈపీఏబీఎక్స్ యంత్రంలోకి వస్తాయి. వచ్చిన కాల్ ఏ గదిలో మోగాలో నిర్ణయించేది అందులోని ప్రోగ్రామింగే. సెక్షన్లు గదులు మారినా ఆ అమరిక మారకపోతే, గంట తాళం వేసిన గదిలో మోగుతూ ఉంటుంది. పగలు ఒక బల్లపై, రాత్రి కాపలాదారు వద్ద మోగేలా రెండు పద్ధతులు ఉండే యంత్రాల్లో, ఉదయం రాత్రి పద్ధతి నుంచి మార్చకపోయినా ఇదే ఇబ్బంది.

ఒక గది నుంచి మరో గదికి ఫోన్ చేసి చూడాలి. అది మోగి, బయటి కాల్ మోగకపోతే లోపం ప్రోగ్రామింగ్‌లో గానీ, బయటి లైనులో గానీ ఉంటుంది. బయటి లైనును యంత్రం నుంచి విడదీసి మామూలు ఫోన్‌కు కలిపితే ఆ అనుమానమూ తీరుతుంది.

ఫైబర్ వచ్చాక

ఇటీవలి సంవత్సరాల్లో అనేకచోట్ల రాగి తీగల స్థానంలో ఫైబర్ లైన్లు వచ్చాయి. వీటిలో గంట విద్యుత్తు ఎక్స్‌ఛేంజి నుంచి రాదు. కార్యాలయంలో పెట్టిన ఫైబర్ మోడెమ్మే దాన్ని తయారు చేస్తుంది. దూరపు గదుల్లోని పాత ఫోన్లన్నిటినీ మోగించే శక్తి ఆ చిన్న పెట్టెకు ఉండకపోవచ్చు. కరెంటు పోతే మోడెమ్‌తోపాటు ఫోన్ కూడా ఆగిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు విద్యుత్తు, సెల్‌ఫోన్ వ్యవస్థలు రెండూ కుప్పకూలాయి. అలాంటి వేళ పనిచేయాల్సిన కార్యాలయాలు మోడెమ్‌కు బ్యాటరీ సదుపాయం ఏర్పాటు చేసుకోవడం తప్పనిసరి.

ఇంటర్నెట్ ద్వారా పనిచేసే ఐపీ ఫోన్లలో లోపం మరో విధంగా ఉంటుంది. బయటకు చేసే కాల్‌ను ఫోనే మొదలుపెడుతుంది కనుక దారి తెరుచుకుంటుంది. లోపలికి వచ్చే కాల్‌కు దారి ముందే తెరిచి ఉండాలి. అందుకోసం ఫోన్ తన ఉనికిని సర్వర్‌లో నమోదు చేసుకుంటూ ఉంటుంది. ఆ నమోదు గడువు తీరినా, మధ్యనున్న రూటర్ ఆ దారిని మూసేసినా కాల్ చేరదు. ఫోన్‌ను ఆపి తిరిగి వెలిగిస్తే మోగి, కొద్దిసేపటికే మళ్లీ మూగబోతుంటే రూటర్ అమరికను సాంకేతిక సిబ్బందితో సరిచేయించాలి.

ఫిర్యాదు ఇలా..

‘ఫోన్ పనిచేయడం లేదు’ అని మాత్రమే చెబితే లైన్‌మన్ వచ్చి, డయల్ టోన్ విని, బాగానే ఉందని వెళ్లిపోయే అవకాశం ఉంది. ‘బయటకు కాల్స్ వెళ్తున్నాయి, లోపలికి వచ్చేవి మోగడం లేదు, రోసెట్ వద్ద వేరే ఫోన్ పెట్టి చూశాం’ అని స్పష్టంగా చెప్పాలి. ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి. లైన్‌మన్ ఉండగానే సెల్‌ఫోన్ నుంచి కాల్ చేయించి, మోగిన తర్వాతే పని పూర్తయినట్లు ఒప్పుకోవాలి. రోసెట్ వరకు ఉన్న లైను బాధ్యత సాధారణంగా టెలిఫోన్ సంస్థది. లోపలి తీగలు, ఈపీఏబీఎక్స్ కార్యాలయం చూసుకోవాల్సినవి.

గంట మోగే సమయంలో తీగల్లో షాక్ కొట్టేంత వోల్టేజీ ఉంటుంది. బోసి తీగలను ముట్టుకోరాదు. ఉరుములు, మెరుపుల వేళ ఈ పరీక్షలకు దిగకూడదు.

ప్రజలకు ప్రకటించిన ప్రతి నంబరుకూ వారానికోసారి బయటి నుంచి ఫోన్ చేసి, మోగిందీ లేనిదీ పుస్తకంలో నమోదు చేయడం ఉత్తమ మార్గం. రాత్రి విధుల్లో ఉండే కార్యాలయాలైతే చీకటి పడ్డాక కూడా ఓసారి చూడాలి. దీనికి పట్టే సమయం రెండు నిమిషాలే.