కార్పొరేటర్ అడగవచ్చు.. విచారణ జరపలేరు
నగరపాలక సంస్థ విభాగాలపై సభ్యుల అధికారం ఎంతవరకు?

కుళాయిలో నీరు రంగు మారినా, వీధి దీపం వెలగకపోయినా, వేసిన మూడు నెలలకే సిమెంటు రోడ్డు పెచ్చులూడినా జనం మొదట తట్టేది కార్పొరేటర్ తలుపునే. ఓటు వేసింది ఆయనకే కనుక జవాబూ ఆయనే చెప్పాలన్నది వారి వాదన. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఆ కార్పొరేటర్ నేరుగా ఇంజినీరింగ్ విభాగానికి వెళ్లి, 'ఈ పని ఎం.బుక్ తీయండి, బిల్లు ఎవరు పాస్ చేశారో చెప్పండి, రేపు ఉదయం నా ఎదుట హాజరు కండి' అని సిబ్బందిని ఆదేశించవచ్చా? ఆదేశించవచ్చనే చాలామంది నమ్మకం. కొత్తగా ఎన్నికైన సభ్యులలోనూ ఈ నమ్మకం బలంగానే కనిపిస్తుంది. చట్టం మాత్రం అందుకు అంగీకరించదు.

అధికారం సభది, సభ్యుడిది కాదు

హైదరాబాద్ కోసం 1955లో చేసిన నగరపాలక సంస్థ చట్టమే ఆ తరువాత విశాఖపట్నం, విజయవాడలకూ ఆధారమైంది. దాని ప్రకారం నగర పాలనలో పాలకవర్గం, స్థాయీ సంఘం, కమిషనర్ అనే మూడు వ్యవస్థలకూ వేర్వేరు పాత్రలున్నాయి. విధానాలు నిర్ణయించేది, బడ్జెట్‌ను ఆమోదించేది పాలకవర్గం. నిర్ణయాలను అమలుపరిచే కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. సిబ్బంది ఆయన ఆదేశాల మేరకే పనిచేయాలి. ఈ అమరికలో కార్పొరేటర్‌కు వ్యక్తిగతంగా దక్కిన పరిపాలనాధికారం దాదాపు శూన్యం. ఆయన బలమంతా సభలో కూర్చున్నప్పుడు, అదీ మెజారిటీ సభ్యులు తోడైనప్పుడు మాత్రమే.

ఇలా ఎందుకు చేశారన్న ప్రశ్న సహజం. విశాఖలో 98 డివిజన్లున్నాయి. తొంభై ఎనిమిది మందీ ఎవరికి వారు దస్త్రాలు తెప్పించుకుని, ఇంజినీర్లను పిలిపించుకుని విచారణలు మొదలుపెడితే ఏ ఉద్యోగి ఎవరికి జవాబుదారీ అవుతాడు? అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి మరొకటి ఉంది. పట్టణ ప్రణాళిక విభాగంలో ఒక భవనం దస్త్రాన్ని తనిఖీ చేసే అధికారం ఒక్క సభ్యుడి చేతిలో ఉంటే, ఆ భవన యజమానితో బేరాలకు అది తోవ చూపదన్న హామీ లేదు. అధికారులపై అనుమానం ఉన్నట్టే సభ్యులపైనా చట్టం కొంత అనుమానం ఉంచుకుంది. అది అకారణమని అనలేం.

సభ్యుడికి దక్కినవి

అయినంత మాత్రాన సభ్యుడు నోరు మూసుకుని కూర్చోవాలని కాదు. పురపాలక సంఘాలకు వర్తించేలా 1965లో చేసిన చట్టం సభ్యుల వ్యక్తిగత హక్కులను ప్రత్యేకంగా పేర్కొంది. ఆంధ్ర ప్రాంతంలో అంతకుముందు అమలులో ఉన్న 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం నుంచి వచ్చిన ఒరవడి ఇది. పనుల నిర్వహణలో నిర్లక్ష్యం జరిగినా, సంఘం ఆస్తి దుర్వినియోగమైనా, ఒక ప్రాంతానికి అవసరాలున్నా సభ్యుడు అధికారుల దృష్టికి తీసుకురావచ్చు. మెరుగుదలకు సూచనలు చేయవచ్చు. పాలనకు సంబంధించిన విషయాలపై సభలో ప్రశ్నలు వేయవచ్చు, తీర్మానాలు ప్రతిపాదించవచ్చు. ముందుగా నోటీసు ఇచ్చి, కార్యాలయ వేళల్లో రికార్డులు చూడవచ్చు.

చివరిదే అసలైన ఆయుధం. దానికి ఒక ముడి కూడా ఉంది. కారణాలను లిఖితపూర్వకంగా తెలిపి రికార్డులు చూపడానికి నిరాకరించే వీలును చట్టం అధికారికి కల్పించింది. ఇక్కడ 'లిఖితపూర్వకంగా' అన్న మాటను గమనించాలి. 'ఫైలు ఆడిట్‌కు వెళ్లింది', 'సారు మీటింగులో ఉన్నారు', 'వచ్చే వారం రండి' అన్న జవాబులు చట్టం ఉద్దేశించిన నిరాకరణ కిందికి రావు. సభ్యులలో ఎక్కువమంది నోటిమాటగా అడుగుతారు, నోటిమాటగానే తిప్పి పంపించుకుంటారు. నోటీసు రాసి, రసీదు తీసుకుని అడిగిన సభ్యుడికి ఇలాంటి సాకులు చెప్పడం అంత సులభం కాదు.

రికార్డు చూడటం వేరు, విచారణ జరపడం వేరు. సభ్యుడు చదవవచ్చు, రాసుకోవచ్చు, సభలో ప్రస్తావించవచ్చు. సిబ్బంది నుంచి వాంగ్మూలం తీసుకోవడం, సంజాయిషీ కోరడం, దస్త్రాన్ని ఇంటికి పట్టుకుపోవడం ఆయన పరిధిలోవి కావు. ఎక్స్‌అఫిషియో హోదాలో సభకు వచ్చే ఎమ్మెల్యే, ఎంపీలు కూడా విభాగాలపై సొంతంగా విచారణ జరిపేందుకు వీలులేదు. సగం స్థానాలు మహిళలకు కేటాయించాక, గెలిచిన భార్య తరఫున కార్యాలయాలకు వెళ్లి 'తనిఖీలు' చేసే భర్తలూ తయారయ్యారు. సభ్యురాలికే లేని అధికారం వారికి ఎక్కడి నుంచి వస్తుందో వారే చెప్పాలి.

హద్దు దాటితే

విభాగానికి తాళం వేయడం, దస్త్రాలు లాక్కోవడం, ఉద్యోగిని గదిలో నిర్బంధించి వివరాలు రాబట్టడం వంటి ఘటనలు అక్కడక్కడా వార్తలకెక్కుతుంటాయి. ప్రజల తరఫున పోరాడామని సభ్యులు చెప్పుకోవచ్చు. కానీ విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిని అడ్డుకునేందుకు బలప్రయోగం చేస్తే అది నేరం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద, అంతకుముందు భారత శిక్షాస్మృతి 353 కింద, రెండేళ్ల వరకు జైలుశిక్ష పడే అవకాశం ఉంది. రోడ్డు నాణ్యతపై మొదలైన వివాదం ఇలా సభ్యుడిపై కేసుగా మారిందంటే గుత్తేదారు నెత్తిన పాలు పోసినట్లే.

మరి విచారణ ఎవరిది?

సభ తీర్మానించి ఉప సంఘాన్ని వేయవచ్చు. ఆ సంఘం పనులను పరిశీలించి నివేదిక ఇవ్వవచ్చు. అయితే ప్రమాణం చేయించి సాక్ష్యం తీసుకోవడం, సమన్లు పంపడం వంటి న్యాయస్థానపు అధికారాలు దానికి ఉండవు. అమెరికాలో నగర మేనేజర్ పద్ధతి ఉన్న చోట్ల దీనికి భిన్నమైన ఏర్పాటు ఉంది. అక్కడి నేషనల్ సివిక్ లీగ్ రూపొందించిన నమూనా నగర శాసనం ప్రకారం కౌన్సిల్ సభ్యులు సిబ్బందికి నేరుగా ఆదేశాలు ఇవ్వరాదు, ఏదైనా మేనేజర్ ద్వారానే నడపాలి. కానీ కౌన్సిల్ మొత్తంగా విచారణకు పూనుకుంటే సాక్షులను పిలిపించే, పత్రాలు రప్పించే అధికారం దానికి ఉంటుంది. ఒంటరి సభ్యుడి చేతులు అక్కడా కట్టేశారు. సభ చేతులు మాత్రం కట్టలేదు. మన దగ్గర రెండూ కట్టేసినట్లే ఉంది.

ఇక్కడ అసలైన విచారణాధికారం ప్రభుత్వం చేతిలో, ప్రభుత్వ సంస్థల చేతిలో ఉంది. పురపాలక శాఖ ఉన్నతాధికారులు, విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగం, ఏసీబీ, 1983 నాటి చట్టం కింద ఏర్పడిన లోకాయుక్త, ఇలా వేదికలకు కొరత లేదు. సభ్యుడు వీటిలో దేనికైనా ఫిర్యాదు చేయవచ్చు. వీటన్నింటికన్నా దగ్గరలో ఉండి, అందరూ మరిచిపోయేది ఆడిట్ నివేదిక. ఏ పనికి ఎక్కువ చెల్లించారో, ఏ బిల్లుకు ఆధారాలు లేవో లెక్కల తనిఖీ సిబ్బంది ముందే రాసిపెట్టి ఉంటారు. సభ్యుడు చేయాల్సిందల్లా ఆ అభ్యంతరాన్ని చదివి, దానిపై ఏం చర్య తీసుకున్నారని సభలో అడగడమే. కొత్తగా తవ్వాల్సిన పని లేదు.

పౌరుడిగా వస్తే తలుపు తెరుచుకుంటుంది

ఈ వ్యవహారంలో విచిత్రమైన మలుపు 2005లో వచ్చింది. సమాచార హక్కు చట్టం కింద ఏ పౌరుడైనా, కారణం చెప్పకుండానే, రికార్డులను పరిశీలించవచ్చు, ధ్రువీకరించిన నకళ్లు పొందవచ్చు. అంతేకాదు, పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నమూనాలు తీసుకోవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే అప్పీలు ఉంది. సమాచార కమిషన్ తలచుకుంటే అధికారిపై రోజుకు రూ.250 చొప్పున రూ.25 వేల వరకు జరిమానా విధించవచ్చు. వ్యక్తిగత సమాచారం వంటి మినహాయింపులు లేకపోలేదు. అయినా పురపాలక చట్టం ప్రజాప్రతినిధికి ఇవ్వని సిమెంటు నమూనాను స.హ. చట్టం సామాన్యుడికి ఇచ్చింది. దరఖాస్తుపై కార్పొరేటర్ హోదాను పక్కనపెట్టి పౌరుడిగా సంతకం చేస్తే ఆయనకూ అదే హక్కు.

ఈ చట్టంలోనే అంతగా ప్రచారంలోకి రాని ఒక నిబంధన ఉంది. అడిగిన సమాచారం వ్యక్తి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పరిసరాల్లో అతిసారం ప్రబలి పదిమందికి పైగా మరణించారు. తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరడమే కారణమన్న ఆరోపణలు వెల్లువెత్తాయి. అప్పట్లో గుంటూరుకు పాలకవర్గమే లేదు. 2010లో గడువు ముగిశాక 2021 మార్చి వరకు అక్కడ ఎన్నికలు జరగలేదు. ఒక్కో సభ్యుడి అధికారం చిన్నదే కావచ్చు. కానీ ఏ వీధిలో గొట్టం పగిలిందో, నీటి పరీక్షలు ఎప్పుడు చేశారో సభలో లేచి అడిగే మనిషే లేని నగరంలో ఆ చిన్నది కూడా ఎంత పెద్దదో ఆ పేటవాసులకు తెలుసు.

నీటి నాణ్యత, మురుగు గొట్టాలు, శిథిల భవనాలు వంటి ప్రాణాపాయంతో ముడిపడిన రికార్డుల విషయంలోనైనా సభ్యుడికి నిరాకరించే వీలును తొలగించడం సమంజసం. అందుకు చట్ట సవరణ కావాలి, అది శాసనసభ పని. తెలంగాణ 2019లో కొత్త పురపాలక చట్టం తెచ్చుకున్నట్లే, పాత చట్టాన్ని తిరగరాయడం అసాధ్యమేమీ కాదు.

అంతవరకు సభ్యుడి చేతిలో ఉన్నది కాగితం, కలం. నోటీసులో పని పేరు, డివిజన్ సంఖ్య, మంజూరైన మొత్తం, గుత్తేదారు పేరు, చూడదలచిన రికార్డు స్పష్టంగా రాయాలి. 'నా డివిజన్ పనుల వివరాలన్నీ' అని రాస్తే ఏమీ దొరకదు. ఒక ప్రతిని ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా కోరాలి. ఆ కాగితాన్ని తదుపరి సమావేశం ఎజెండాకు జతచేయాలని కోరవచ్చు, అదే రోజు పౌర సమాచార అధికారికి దరఖాస్తు కూడా ఇవ్వవచ్చు. రెండింటికీ కలిపి పట్టే సమయం ఒక పూట.